కుక్క తెలివిని ఆటలోనే పట్టుకోవాలి: ఇంట్లో చేసి చూసే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

చెప్పు నోట కరుచుకుని పరిగెత్తే కుక్కని ఒకసారి నిదానంగా గమనించండి. అది నేరుగా పారిపోదు. నాలుగు అంగలేసి ఆగుతుంది. తల పక్కకి తిప్పి మీరు లేచారా లేదా చూస్తుంది. లేవకపోతే రెండడుగులు వెనక్కొచ్చి, చెప్పుని మీకు కనపడేలా ఇంకోసారి విదిలిస్తుంది. లేచారో, ఇక సోఫా చుట్టూ ప్రదక్షిణలే. దాని కోసం కొన్న తాడుబొమ్మ మాత్రం వారం నుంచి అదే మూల పడి ఉంటుంది. బొమ్మ తీస్తే ఎవరూ కదలరు, చెప్పు తీస్తే ఇల్లంతా కదులుతుంది. ఈ లెక్క దానికి ఎవరూ నేర్పలేదు, మిమ్మల్ని చూసి అదే కట్టుకుంది.

కుక్క తెలివిలో పెద్ద వాటా ఇదే, మనిషిని చదవడం. 2002లో బ్రయన్ హేర్ బృందం చేసిన పరీక్షల్లో, తిండి ఏ గిన్నె కింద ఉందో మనిషి వేలితో, చూపుతో సూచిస్తే కుక్కలు చింపాంజీల కంటే బాగా అందుకున్నాయి. మరుసటి ఏడాది హంగరీలో ఆడమ్ మిక్లోషి బృందం మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్లకీ కుక్కలకీ తేలని చిక్కు ఒకటి ఇచ్చింది. తోడేళ్లు దానితోనే కుస్తీ పట్టాయి. కుక్కలు కాసేపు చూసి, తిరిగి మనిషి మొహంలోకి చూశాయి.

ఇందులోనే ఒక చిక్కుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలకి గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కర్ ఫంగ్స్ట్ దాని గుట్టు విప్పాడు. సరైన సంఖ్య దగ్గర పడేసరికి ఎదుటి మనిషి ఒంట్లో తెలియకుండానే వచ్చే చిన్న కదలికని చూసి గుర్రం ఆగిపోతోంది. కుక్కల విషయంలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. "మా కుక్కకి ఇరవై మాటలొచ్చు" అనే ఇళ్లలో చాలాచోట్ల దానికి వచ్చినవి మాటలు కావు, చెప్పేవాళ్ల చూపూ చెయ్యీ. అందుకే కింద చెప్పే ప్రతి ఆటలోనూ రెండు పనులు కలిసి నడుస్తాయి: కుక్కకి నేర్పడం, మధ్యలోంచి మనం తప్పుకోవడం. కష్టమైనది రెండోదే.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ట్రీట్ ముక్క బఠాణీ గింజ కంటే పెద్దది అక్కర్లేదు. కుక్కకి లెక్క ముక్క సైజు కాదు, ఎన్నిసార్లు దొరికిందన్నది. రోజు మొత్తం తిండిలో ట్రీట్ల వాటా పదో వంతు దాటకూడదు. మామూలుగా పెట్టే డాగ్ ఫుడ్ గుళికల్లోంచే గుప్పెడు పక్కకి తీసి వాడితే ఈ లెక్కే ఉండదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి) కలిపిన పదార్థాలు కుక్కకి విషం, ఆట పేరు చెప్పి కూడా పెట్టొద్దు.

బొమ్మల్లో రెండే ముఖ్యం: తాడు ఒకటి, బంతి ఒకటి. తాడు రెండు మూరలు, అంటే 90 సెంటీమీటర్ల దాకా ఉంటే దాని పళ్లకీ మీ వేళ్లకీ మధ్య దూరం ఉంటుంది. బంతి నోట్లో పూర్తిగా దూరిపోయేంత చిన్నదైతే పారేయండి, గొంతులో ఇరుక్కుంటే ఊపిరాడదు. పెద్ద జాతి కుక్కకి టెన్నిస్ బంతి కూడా చిన్నదే కావచ్చు. రంగు విషయానికొస్తే, కుక్క కళ్లకి నీలం, పసుపు తేడా బాగా తెలుస్తుంది. ఎరుపు మాత్రం మసక గోధుమరంగులా ఉంటుంది. పచ్చగడ్డిలో ఎర్ర బంతి విసిరి "కళ్లముందే ఉన్నా కనపడట్లేదా" అని విసుక్కోవడం అన్యాయం. నీలం బంతి కొనండి.

ఒక విడత 3 నుంచి 5 నిమిషాలు, రోజుకి రెండు మూడు విడతలు. ఆరు నెలల లోపు కుక్కపిల్లలకి 2 నిమిషాలు చాలు. అవి రోజుకి 18 గంటల దాకా నిద్రపోతాయి. సాయంత్రం పిల్ల పిచ్చిగా కరుస్తూ మాట వినట్లేదంటే, దానికి కావాల్సింది ఇంకో ఆట కాదు, పడక.

మొదటి మెట్టు: "యెస్" అనే మాటకి విలువ తేవడం

కుక్క సరైన పని చేసిన క్షణాన్ని పట్టి చూపించే మాట ఒకటి కావాలి. ట్రైనర్లు దీన్ని మార్కర్ అంటారు. క్లిక్కర్ (నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం) ఉంటే సరే, లేకపోతే "యెస్" లాంటి పొట్టి మాట చాలు.

1. పది గుళికలు పక్కన గిన్నెలో పెట్టుకోండి. చేతులు ఒళ్లో ఉండాలి.
2. "యెస్" అనండి. అన్నాక చెయ్యి కదిలించి, ఒకటి రెండు సెకన్లలో గుళిక నోటికి అందించండి.
3. పదిసార్లయ్యాక ఆపండి. రోజుకి రెండుసార్లు, రెండు మూడు రోజులు.
4. కుక్క ఎటో చూస్తున్నప్పుడు మామూలు గొంతుతో "యెస్" అనండి. తల గిర్రున తిరిగిందా, మాట పనిచేస్తోంది.

ఎక్కువమంది తప్పేది రెండో దగ్గర. మాటా చెయ్యీ ఒకేసారి కదులుతాయి, లేదా చెయ్యి ముందే జేబులోకి పోతుంది. అప్పుడు కుక్క మాటని పట్టించుకోదు, చేతినే చదువుతుంది. చెయ్యి కట్టుకుని నిలబడి "యెస్" అంటే తెల్లమొహం వేస్తే కారణం ఇదే. ముందు మాట, తర్వాతే చెయ్యి. మధ్యలో అరసెకను ఖాళీ వినపడాలి.

గొంతు సంగతి కూడా ఇక్కడే. కుక్కలకి ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి, 2016లో ఆటిలా ఆండిచ్ బృందం ఒక సంగతి చూపించింది. మెచ్చుకునే మాట, మెచ్చుకునే స్వరం రెండూ కలిసినప్పుడే మెదడులో సంతోషానికి స్పందించే భాగాలు కదిలాయి. గోముగా పలికిన అర్థంలేని మాటకి కానీ, ఎండిపోయిన గొంతుతో అన్న మెచ్చుకోలుకి కానీ అంత కదలిక లేదు.

రెండో మెట్టు: తాడు లాగే ఆట, "వదులు"

లాగుడాట ఆడితే కుక్క నెత్తికెక్కుతుందనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. గోల్డెన్ రిట్రీవర్లతో రూనీ, బ్రాడ్‌షా చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. వాటిని గెలిపించినా ఓడించినా మనుషుల మీద పెత్తనం పెరిగిన జాడ కనపడలేదు. నిజానికి "వదులు" నేర్పడానికి ఇంతకంటే మంచి ఆట లేదు, ఎందుకంటే వదిలినందుకు బహుమతి కూడా ఆటే.

తాడుని మొహం మీదకి తోయకండి. ఏ వేటజంతువూ వచ్చి నోట్లో పడదు. తాడు కొసని నేల మీద, కుక్క నుంచి దూరంగా, ఎలుక పాకినట్టు వంకరటింకరగా లాగండి, ఆపండి, మళ్లీ లాగండి. ఆగినప్పుడే కుక్క వెనక కాళ్లు బిగిస్తుంది, కదలగానే దూకుతుంది. పట్టుకున్నాక అడ్డంగా, దాని వీపు ఎత్తులోనే లాగండి. పైకి కిందికి కుదిపితే మెడ వెన్నుపూసల మీద భారం పడుతుంది. తాడుతో కుక్కని గాల్లోకి ఎత్తడం అసలు చెయ్యొద్దు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి. ఆ రోజుల్లో తాడు మెత్తగా పట్టుకోండి, లాగడం దానికే వదిలేయండి. తాడు మీద కాస్త రక్తపు మరక కనపడితే కంగారు అక్కర్లేదు, ఆ రోజుకి ఆట ఆపితే చాలు.

ఇక "వదులు":

1. పది పదిహేను సెకన్లు లాగనిచ్చాక తాడుని మీ మోకాలికి ఆనించి బిగబట్టండి. తాడులో ప్రాణం పోవాలి, కదలిక అసలు ఉండకూడదు.
2. "వదులు" అని ఒక్కసారే అనండి. ఒక సెకను ఆగి, రెండో చేత్తో ముక్కు దగ్గర గుళిక పెట్టండి.
3. నోరు తెరుచుకున్న క్షణమే "యెస్", గుళిక.
4. వెంటనే తాడుని మళ్లీ బతికించండి. ఈ నాలుగోది మానేస్తే మొత్తం పాడవుతుంది. వదిలినప్పుడల్లా తాడు మాయమైపోతుంటే, వదలకూడదని మీరే నేర్పినట్టు.
5. ఇరవై ముప్ఫైసార్లయ్యాక గుళిక తీసేయండి. వదిలితే ఆట మళ్లీ మొదలవుతుంది, అదొక్కటే జీతం.

కుక్క వదలట్లేదంటే తొంభై పాళ్లు మీ చెయ్యి ఇంకా ఊగుతోందని అర్థం. మోకాలికి ఆనించమన్నది అందుకే. మరో గమ్మత్తు: "వదులు" అంటూ ముందుకి వంగే అలవాటు అందరికీ ఉంటుంది. కుక్క ఆ వంగడాన్నే నేర్చుకుంటుంది. మూడో రోజున నిటారుగా కూర్చుని, కళ్లు గోడ మీద పెట్టి అనండి. పనిచేయకపోతే దానికి మాట రాలేదు, మీ నడుము వచ్చింది. అప్పుడు ఒక మెట్టు కిందికి దిగి, నిటారుగా కూర్చునే మళ్లీ మొదలుపెట్టండి.

పళ్లు చర్మానికి తగిలితే అరవొద్దు. తాడు వదిలేసి లేచి, అర నిమిషం గోడవైపు తిరిగి నిలబడండి. అరిస్తే కొన్ని కుక్కలు ఇంకా రెచ్చిపోతాయి.

గుర్రుమనడం ఆటలో మామూలే. ఆట గుర్రు తెరలు తెరలుగా వస్తుంది, ఒళ్లు వదులుగా ఉంటుంది, నడుం ఊగుతుంది. ఒళ్లు కొయ్యబారిపోయి, తాడు మీద తల వంచి, కంటి తెల్లగుడ్డు పక్కనుంచి కనపడుతూ, శబ్దం సన్నగా ఆగిపోతే అది ఆట కాదు. చెయ్యి పెట్టకండి. దూరంగా ఇంకేదైనా విసిరి అటు మళ్లించండి. బొమ్మల దగ్గరో తిండి దగ్గరో ఇలా తరచూ జరుగుతుంటే పశువైద్యుడి ద్వారా కుక్కల ప్రవర్తన తెలిసిన నిపుణుణ్ణి కలవండి. లాక్కుని గెలవాలని చూస్తే కాటు దాకా పోతుంది.

మూడో మెట్టు: బొమ్మల పేర్లు

ఇది ఓపిక ఆట. జర్మనీలో రికో అనే బోర్డర్ కోలీ జాతి కుక్కకి సుమారు 200 వస్తువుల పేర్లు తెలుసని 2004లో బయటపడింది. అమెరికాలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు జాన్ పిల్లీ తన బోర్డర్ కోలీ చేజర్‌కి రోజుకి నాలుగైదు గంటలు, మూడేళ్లు నేర్పి 1022 పేర్ల దాకా తీసుకెళ్లాడు. ఆ వివరాలు 2011లో అచ్చయ్యాయి. ఎక్కువ కుక్కలకి రెండో పేరు దగ్గరే చుక్కలు కనపడతాయి, మీది కూడా ఆగిపోతే మందబుద్ధి అనుకోవద్దు. వాసనతో పనిచేసే జాతికి చెవిమాట మీద అంత ఆసక్తి ఉండకపోవచ్చు. జాతుల తెలివికి ర్యాంకులిచ్చే పట్టికలు కూడా ఎక్కువగా కొలిచేది మాట వినడాన్నే. సొంతంగా దారి వెతుక్కునే కుక్క వాటిలో అడుగున పడుతుంది.

పేర్లు శబ్దంలో దూరంగా ఉండాలి. "బంతి", "బొంత" పక్కపక్కన పెడితే మనిషికే తడబాటు. "బంతి", "తాడు" బాగుంటాయి. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. ఒకరు "బాల్" అంటే ఆటే లేదు.

మొదటి వారం గదిలో బంతి ఒక్కటే ఉండాలి. కుక్క దానివైపు కదిలిన క్షణంలో "బంతి", నోటితో పట్టగానే "యెస్", తెస్తే ఆట. తర్వాత మీటరు దూరంలో, ఆపైన గది అవతలి కొసన, చివరికి గుమ్మం దాటి పక్క గదిలో. బంతి వెతికి తెచ్చే దాకా తాడుకి పేరు పెట్టకండి. రెండో వారం బంతి బీరువాలోకి పోతుంది, తాడు ఒక్కటే బయట. అదే వరస.

మూడో వారం రెండూ కలిపి, మీటరు ఎడంగా. ఒక పేరు చెప్పండి. తప్పు తెస్తే తిట్టొద్దు, "కాదు" అని కూడా అనొద్దు. మౌనంగా తీసుకుని పక్కన పెట్టి, ఇంకోసారి అడగండి. వరసగా రెండు తప్పులొస్తే ఒక్క బొమ్మకి దిగిపోండి.

అసలు పరీక్ష ఇప్పుడు. రెండు బొమ్మలున్నప్పుడు గుడ్డిగా ఎంచినా పదికి ఐదు సరిపోతాయి. కాబట్టి ఐదూ ఆరూ వస్తే ఏమీ రానట్టే. పదికి ఎనిమిదో అంతకంటే ఎక్కువో అదృష్టంతోనే వచ్చే అవకాశం 1024లో 56, అంటే దాదాపు పద్దెనిమిదింట ఒకటి. ఒక్కరోజు ఎనిమిదొస్తే సంబరపడకండి, రెండు వేర్వేరు రోజుల్లో ఎనిమిదేసి రావాలి.

- బొమ్మలు పక్క గదిలో ఉండాలి, మీకు కనపడకూడదు. రికోనీ, చేజర్‌నీ పరీక్షించినప్పుడు కూడా చెప్పేవాళ్ల కళ్లకి వస్తువులు అందకుండా చూశారు.
- ఏది అడగాలో, ఏది ఏ పక్కన పెట్టాలో నాణెం ఎగరేసి ముందే పది వరసలు కాగితం మీద రాసుకోండి. మనసులో అనుకుంటే తెలియకుండానే ఒకదాని తర్వాత ఒకటి అడుగుతాం, కుక్క ఆ వంతుని పట్టేస్తుంది.
- బొమ్మలు సర్దేది ఇంకొకరు. సర్దాక వాళ్లు ఆ గదిలో ఉండకూడదు.
- ఎప్పుడూ ఎడమదే తెస్తుంటే, లేదా దగ్గరదే తెస్తుంటే, పేర్లు రాలేదు, దానికో అలవాటు పడింది.

ఇంతదాకా వస్తే ఒక సరదా ఉంది. తెలిసిన బొమ్మల మధ్య ఎప్పుడూ చూడనిది ఒకటి పెట్టి, ఎప్పుడూ అనని పేరు అనండి. రికో ఇలాంటప్పుడు ఎక్కువసార్లు కొత్తదే తెచ్చింది. కానీ మోసపోకండి. కొత్త వస్తువంటే కుక్కకి ఎలాగూ మోజే. అందుకని అదే అమరికలో పాత పేరు కూడా అడగండి. అప్పుడూ కొత్తదే తెస్తే అది తర్కం కాదు, కొత్త మోజు.

ముక్కుతో ఆటలు

మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు కొన్ని మిలియన్లుంటే, కుక్కకి వందల మిలియన్లు. కుక్క మిమ్మల్ని చదవకుండా సొంతంగా పనిచేసే చోటు ఇదే. మాట ఆటలో దిక్కులు చూసేది ఇక్కడ పండితుడై కూర్చుంటుంది.

తువ్వాలుతో మొదలుపెట్టండి. పరిచిన తువ్వాలు మీద ఇరవై గుళికలు చల్లి తిననివ్వండి. మర్నాడు ఒక మడత, తర్వాత చాపలా చుట్టడం, చివరికి చుట్టని వదులుగా ముడేయడం. ముక్కుతో దొర్లించడం మానేసి బట్ట చింపడం మొదలుపెడితే తొందరపడి పైమెట్టు ఎక్కించారని అర్థం. అయిదుసార్లలో నాలుగుసార్లు నెగ్గేంత కష్టమే పెట్టండి. పీలికలు మింగే కుక్కకి ఈ ఆట వద్దు, పేగులో అడ్డం పడతాయి.

తర్వాత ఆరు ఖాళీ అట్టపెట్టెలు, పిన్నులూ టేపూ తీసేసినవి. ఒకదాంట్లో గుళికలు. కుక్క బయట ఉండగా దాచి, లోపలికి వదిలి, మీరు మూల కూర్చోండి. పెట్టె వంక చూడకండి. అది మీ మొహంలోకి చూసినా పలకొద్దు. ఒక నిమిషం పైన తిరుగుతుంటే పెట్టె దగ్గరకి నడవకండి, తర్వాతి వంతులో తక్కువ పెట్టెలు పెట్టండి. ఫ్యాన్ ఆపడం మరిచిపోవద్దు. గాలికి వాసన కొట్టుకుపోయి గోడ దగ్గర పోగుపడుతుంది, కుక్క అక్కడే తవ్వుతూ ఉంటుంది. తప్పు దానిది కాదు. నిన్నటి పెట్టెలోనే ఈరోజు దాచకండి, పాత వాసన ఇంకా అంటుకునే ఉంటుంది.

పరుగులు, పిలుపులు, దొంగతనాలు

స్నానం కాగానే, లేదా సాయంత్రం ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు తోక ముడుచుకుని ఇల్లంతా చక్కర్లు కొట్టడం జబ్బు కాదు. ఒకటి రెండు నిమిషాల్లో అదే చల్లారుతుంది. గాజు బల్లలు పక్కకి జరపండి, నున్నని నేల మీద చాప పరవండి, వెంటపడకండి.

ఇంకో కుక్కతో ఆటలో చూడాల్సింది పిలుపు. ముందుకాళ్లు చాచి, మోచేతులు నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తుతుంది. గట్టిగా కరిచినట్టు నటించే ముందో, నటించాకో ఈ భంగిమ వస్తే "ఇది ఆటే" అని చెప్పడం. ఎదుటి కుక్క అటు తిరిగి ఉంటే ఊరికే వంగదు, ముందు ముక్కుతో పొడిచో మొరిగో ఇటు తిప్పుకుంటుంది. అవతలివాడు చూస్తున్నాడో లేదో దానికి తెలుసు మరి. పాత్రలు మారుతున్నాయా, తరిమేది కాసేపటికి తరిమించుకుంటోందా చూడండి. అనుమానమొస్తే తరిమేదాన్ని మూడు సెకన్లు పట్టుకోండి. రెండోది తిరిగొచ్చి కవ్విస్తే ఆటే. సందు దొరికిందని జారుకుంటే దానికి అప్పటికే విసుగొచ్చింది, విడదీయండి.

చెప్పు దొంగకి మందు సులువే, ఇంట్లోవాళ్లు పాటించడమే కష్టం. చెప్పులు ఎత్తున పెట్టండి. ఎత్తుకెళ్లినా లేవకండి, "ఏయ్" అనకండి, చూడకండి. తాడు తీసుకుని మీలో మీరే ఆడుకుంటూ అటువైపు నడవండి. చెప్పు జారవిడిచి వస్తే "యెస్", రెండు నిమిషాలు మంచి లాగుడు. మొదటి రోజుల్లో అల్లరి పెరుగుతుంది, ఇంతకుముందు పనిచేసిన ఉపాయం ఎందుకు పనిచేయట్లేదని గట్టిగా ప్రయత్నిస్తుంది. అక్కడ ఒక్కసారి లేచినా మళ్లీ మొదటికే. మందు మాత్రలు, సూదులు లాంటి ప్రమాదకరమైన వస్తువు పట్టుకుంటే మాత్రం ఈ నియమం వదిలేసి, మంచి మాంసం ముక్క చూపించి మార్పిడి చేయండి.

తలుపు తీయగానే చెవులు వాల్చి, చూపు తప్పించే కుక్కని చూసి "తప్పు చేశానని దానికి తెలుసు" అనుకుంటాం. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షించింది. ఆ మొహం కుక్క చేసిన పనిని బట్టి రాలేదు, యజమాని తిట్టడాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయనివి కూడా తిడితే అదే మొహం పెట్టాయి. గంట కిందటి చెప్పు ముక్కలు చూపించి తిట్టడం వల్ల అది నేర్చుకునేది ఒక్కటే: మీరు ఇంటికొచ్చే వేళ మంచిది కాదు.

ఆడకూడనివి

లేజర్ చుక్క వెంట పరిగెత్తించొద్దు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కొన్ని కుక్కలు ఆ తర్వాత గోడ మీద నీడల్నీ వెలుతురునీ రోజంతా వెంటాడుతూ ఉండిపోతాయి. కర్రలు విసరొద్దు, నేలలో దిగబడి గొంతులోకి గుచ్చుకుంటాయి. తిన్న వెంటనే గంతులు వద్దు, ముఖ్యంగా లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకి కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది, గంట ఆగండి. పొట్టి ముక్కు జాతులు ఎండలో బంతి వెంట పరిగెడుతూ తమంతట తాము ఆగవు. నాలుక వెడల్పుగా వేలాడి, గరిటెలాంటి కొస ముదురు ఎరుపెక్కితే బంతి దాచేసి నీడకి తీసుకెళ్లండి, నీళ్లు పెట్టండి. రొప్పడం తగ్గకపోయినా, తూలినా, ఒళ్లు తడిపి నేరుగా డాక్టర్ దగ్గరికే.